పసిఫికా 112వి రివ్యూ: మిషన్ ఎక్కడ ఆగింది, చెయ్యి ఎక్కడ మొదలవ్వాలి

యమహా పసిఫికా 112వి కొనేవాళ్లలో చాలామందికి అదే మొదటి ఎలక్ట్రిక్ గిటార్. ఆల్డర్ బాడీ, నాలుగు స్క్రూలతో బిగించిన మేపుల్ నెక్, రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు, 22 ఫ్రెట్లు (వీణ మెట్ల లాంటి లోహపు పట్టీలు), 25.5 అంగుళాల స్కేలు (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు), బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర ఒక హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్), మిగతా రెండు సింగిల్ కాయిల్స్. తయారయ్యేది ఇండోనేషియాలో. స్పెక్స్ ఇంతటితో చాలు. ఈ గిటార్‌లో ఏ పని యంత్రం చేసింది, ఏ పని మనిషి చేతి మీదుగా జరిగింది, కొన్నాక ఇంకా ఏ చేతిపని మిగిలి ఉంటుంది అన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం. తీర్పు ముందే చెప్పేస్తాం. ఇది ధైర్యంగా కొనదగ్గ గిటార్. కాకపోతే ఒక మంచి సెటప్‌కి (నెక్ వంపు, తీగల ఎత్తు లాంటివి సరిచేయించడానికి) అయ్యే ఖర్చు కూడా దీని ధరలో భాగమే అనుకుని కొనాలి.

గిటార్ కొనేటప్పుడు చాలామంది అడిగే మొదటి మాట "ఇది హ్యాండ్‌మేడా, మిషన్ మేడా?" అని. మిషన్‌తో చేసింది చవక, చేత్తో చేసింది ఖరీదు అని ఒక లెక్క మనసులో ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటార్ విషయంలో ఈ లెక్క దాదాపు తలకిందులు. కాలిఫోర్నియాలో సుహ్ర్, మేరీల్యాండ్‌లో పీఆర్ఎస్ లక్షల్లో పలికే గిటార్లు చేస్తారు. వాళ్ల బాడీలు, నెక్‌లు సీఎన్‌సీ యంత్రాల (కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రకారం కోసే యంత్రాల) మీదే కోస్తారు. నాష్‌విల్‌లో గిబ్సన్ ఫ్రెట్లను సమం చేసే పని కంప్యూటర్ యంత్రానికి అప్పగించింది. తక్కువ ధర గిటార్లు చేసే ఫ్యాక్టరీల్లో మాత్రం ఫ్రెట్ అంచులు రాయడం, ఇసుక కాగితం పట్టడం, నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) గాడులు తీయడం, పాలిష్ లాంటివి సాధారణంగా మనుషులే, ఒక్కో గిటార్‌కి నిమిషాల లెక్కన చేస్తారు. కాబట్టి అడగాల్సింది చేతిపని ఉందా లేదా అని కాదు. ఎక్కడ ఉంది, దానికి ఎంత సమయం ఇచ్చారు అని అడగాలి.

ఫెండర్ ఎలక్ట్రిక్ గిటార్ పుట్టిందే ఫ్యాక్టరీ కోసం. లియో ఫెండర్ రేడియోలు రిపేరు చేసే మనిషి, ఆయనకి గిటార్ వాయించడం రాదు. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఆయన తెచ్చిన టెలికాస్టర్‌లో నెక్ వేరు, బాడీ వేరు, మధ్యలో నాలుగు స్క్రూలు. నెక్ పాడైతే విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. బాడీకి గాడులు కోసింది పిన్ రౌటర్. బల్లలో ఒక పిన్ను నిలబడి ఉంటుంది, దానికి సరిగ్గా పైన కట్టర్ తిరుగుతుంది. చెక్కకి అడుగున టెంప్లేట్ బిగించి, దాని అంచు పిన్నుకి ఒరుసుకునేలా తోస్తే పైన కట్టర్ అదే ఆకారం కోస్తుంది. చెక్కను నెట్టేది మనిషి చెయ్యే అయినా ఆకారం టెంప్లేట్‌ది. నెక్ వెనక గుండ్రదనం, బాడీ మీద వంపులు మాత్రం అప్పట్లో చేత్తో సానపట్టేవాళ్లు. అందుకే ఆ కాలం గిటార్లు ఒకే మోడల్‌వి రెండు తీసుకున్నా నెక్‌లు ఒకలా ఉండవు. ఇవాళ సీఎన్‌సీ చేసింది, పిన్నూ టెంప్లేటూ ఉన్న చోట ప్రోగ్రామ్‌ని పెట్టడం. దాంతో నెక్ వెనక వంపు కూడా ప్రతి గిటార్‌కీ ఒకేలా వస్తుంది. షాపులో వాయించి చూసిన 112వికి, ఇంటికొచ్చిన 112వికి నెక్ పట్టులో తేడా తెలియకపోవడానికి కారణం ఇదే. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఇది చిన్న లాభం కాదు.

ఇక ఫ్రెట్ల స్థానం. బొబ్బిలి వీణను ఒకసారి గుర్తు తెచ్చుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. పనస చెక్కతో చేసిన ఆ వీణకి 24 మెట్లను మైనంలో నిలబెడతారు. తంతి మీటుతూ, చెవితో వింటూ ఒక్కో మెట్టును జరిపి కుదురుస్తారు. మేళం కట్టడం అనేది దీన్నే. ఎప్పుడైనా స్వరం తేడా వస్తే మైనం మెత్తబరిచి మళ్లీ కట్టుకోవచ్చు. గిటార్ ఫ్రెట్‌కి ఆ వెసులుబాటు లేదు. ఫింగర్‌బోర్డులో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ వెడల్పున కోసిన గాడిలోకి ఫ్రెట్ అడుగు రేకును నొక్కేస్తారు. గాడి ఎక్కడ పడితే స్వరం అక్కడే. 25.5 అంగుళాలంటే 647.7 మి.మీ. దాన్ని 17.817తో భాగిస్తే 36.35 మి.మీ. వస్తుంది, నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కి ఉండాల్సిన దూరం అది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది, అలా చివరిదాకా. 22వ ఫ్రెట్ దగ్గరికి వచ్చేసరికి రెండు ఫ్రెట్ల మధ్య దూరం 11 మి.మీ. కూడా ఉండదు. అక్కడ అర మిల్లీమీటరు తప్పితే స్వరం 4, 5 సెంట్లు పక్కకి పోతుంది. సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు. చెయ్యి తిరిగిన పనివాడు కూడా రోజుకి వంద నెక్‌ల మీద, నెక్‌కి 22 గాడులు ఈ కొలతతో రంపంతో కోయలేడు. ఫ్యాక్టరీలో ఒకే ఇరుసు మీద పక్కపక్కనే బిగించిన సన్నటి రంపపు బిళ్లలు ఒక్క తోపులో గాడులన్నీ కోసేస్తాయి, లేదా సీఎన్‌సీ కోస్తుంది. ఈ పనిలో చేతికి పోటీయే లేదు. మిషన్ గాడులున్న చవక గిటార్‌కి ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా పలకడం) కుదరడం లేదంటే, ఫ్రెట్ల స్థానాన్ని అనుమానించే ముందు నట్‌నీ, పాత తీగలనీ, శాడిల్‌నీ (బ్రిడ్జిలో ఒక్కో తీగ ఆనే ముక్క) చూడాలి.

నెక్ పాకెట్ కూడా మిషన్ పనే. బాడీలో నెక్ కూర్చునే ఆ గుంత లోతూ వెడల్పూ కరెక్టుగా లేకపోతే నెక్ పక్కలకి జరుగుతుంది. చూసే పద్ధతి తేలిక. నెక్‌కీ పాకెట్ అంచుకీ మధ్య సందులో విజిటింగ్ కార్డు పెట్టి చూడండి. దూరకపోతే మంచిది. దూరినా గిటార్ పాడైనట్టు కాదు, కానీ సన్నని ఇ తీగ చివరి ఫ్రెట్ల దగ్గర అంచు దాకా వచ్చిందేమో చూసుకోవాలి. రెండు ఇ తీగలకీ నెక్ అంచుకీ మధ్య దూరం రెండు వైపులా సమానంగా కనపడాలి. లేకపోతే తీగలు వదులు చేసి, నాలుగు స్క్రూలూ అర మలుపు విప్పి, నెక్‌ని సరైన వైపుకి నొక్కి పట్టి మళ్లీ బిగిస్తే చాలు. అయిదు నిమిషాల పని.

మిషన్ వదిలేసి వెళ్లే మొదటి గుర్తు ఇసుక కాగితం దగ్గర కనపడుతుంది. గుండు మొన ఉన్న కట్టర్ వంపుల మీద నడిచినప్పుడు సన్నటి చాళ్లు పడతాయి. వాటిని 120, 150 నంబరు కాగితంతో మొదలుపెట్టి 240, 320 దాకా మనిషి తీసేయాలి. తొందరపడితే చాళ్లు మిగులుతాయి. అతిగా రుద్దితే అంచులు గుండ్రంగా అయిపోయి పాకెట్ దగ్గర సందు వస్తుంది. ఫోన్ టార్చ్‌ని బాడీకి దాదాపు సమాంతరంగా పట్టి, మోచెయ్యి ఆనే వంపు మీద వెలుగు జారనివ్వండి, లోపల గీతలుంటే అలలా కనపడతాయి. చెక్క కనపడే నేచురల్ ఫినిష్‌లో ఇది దాక్కోదు, ముదురు రంగుల్లో దాక్కుంటుంది. కాబట్టి 112వి తీసుకునేవాళ్లు నేచురల్ రంగు కొంటే చెక్క అతుకులతో సహా అన్నీ చూసి కొన్నట్టవుతుంది.

ఈ ధరకి గిటార్ ఇవ్వడానికి యమహా వదిలేసినది కూడా గమనించాలి. గిబ్సన్ లెస్ పాల్‌కి చుట్టూ ఉండే తెల్లటి బైండింగ్ (అంచు పట్టీ) పసిఫికాకి లేదు. గిబ్సన్‌లో రంగు కొట్టాక ఆ బైండింగ్ మీద పడ్డ రంగుని మనిషే చిన్న బ్లేడుతో, గిటార్ చుట్టూ అంగుళం అంగుళం గీరి తీస్తాడు. బ్లేడు కాస్త వంగితే పక్కనున్న రంగు లేచిపోతుంది. గిబ్సన్ ధరలో ఒక ముక్క ఆ గీరుడుకే పోతుంది. బైండింగ్ లేకపోతే ధ్వనికి ఏ నష్టమూ లేదు. నాణ్యత ఏమాత్రం తగ్గని చోట ఖర్చు తగ్గించడం తెలివైన పని, యమహా ఇక్కడ అదే చేసింది.

అసలు విషయం ఫ్రెట్ల ఎత్తు దగ్గర ఉంది. గాడులు ఎంత సరిగ్గా కోసినా, నొక్కిన ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తులో కూర్చోవు. చెక్క ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా ఉంటుంది. పక్క ఫ్రెట్ కంటే ఒక ఫ్రెట్ 0.05 మి.మీ. లేచినా యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) తగ్గించినప్పుడు తీగ దానికి తగిలి గరగరమంటుంది. చేత్తో చేసే పద్ధతిలో తీగలు తీసేసి, నెక్‌ని నిటారు చేసి, చదునైన లోహపు బద్దకి ఇసుక కాగితం అంటించి, అన్ని ఫ్రెట్ల తలల మీదా నడిపిస్తారు. తర్వాత గుల్ల అంచున్న ఆకురాయితో ఒక్కో ఫ్రెట్ తలకి మళ్లీ గుండ్రదనం తెస్తారు, ఆఖర్న పాలిష్. ఇబ్బంది ఎక్కడంటే తీగలు లేని నెక్, తీగలున్న నెక్ ఒకటి కాదు. తీగలు బిగిస్తే నెక్ వంగుతుంది, అదీ అంతటా సమానంగా వంగదు.

బెర్లిన్‌లో గెర్డ్ ఆంకె తయారుచేసిన ప్లెక్ యంత్రం గెలిచేది ఇక్కడే. తీగలు శ్రుతిలో ఉండగానే గిటార్‌ని అందులో బిగిస్తారు. సెన్సర్ ఒక్కో ఫ్రెట్ ఎత్తునీ, నెక్ వంపునీ కొలిచి తెర మీద గ్రాఫ్ గీస్తుంది. ఎక్కడ ఎంత తీయాలో తేల్చాక, తీగలు వదులు చేసి పక్కకి జరిపితే కట్టర్ అంతే తీస్తుంది. నట్ గాడులు కూడా కోయగలదు. దీనికీ ఒక హద్దుంది. ఒక ఫ్రెట్ గాడిలో సరిగ్గా కూర్చోక కాస్త పైకి లేచి ఉంటే, యంత్రానికి అది ఎత్తైన ఫ్రెట్‌గానే కనపడుతుంది, తల కోసేస్తుంది. రేపు ఆ ఫ్రెట్ కిందకి దిగితే అక్కడ గుంట మిగులుతుంది. కాబట్టి యంత్రం ఎక్కించే ముందు ప్రతి ఫ్రెట్‌నీ నొక్కి, అటూ ఇటూ తట్టి చూసే మనిషి కావాలి. ఎక్కడెంత వంపు ఉంచాలో నిర్ణయించేదీ మనిషే. ఫ్రెట్ అంచులు వేలికి తగలకుండా గుండ్రం చేసేదీ మనిషే.

పసిఫికా ధరలో గిటార్‌కి ప్లెక్ ఆశించకూడదు. షాపులోనే చూసుకోవాలంటే, పాత ఏటీఎం కార్డు అంచుని మూడు ఫ్రెట్ల మీద ఆనించి అటూ ఇటూ ఊపండి. కార్డు ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉంది. పైకి పోయేకొద్దీ ఫ్రెట్లు దగ్గరవుతాయి కాబట్టి అక్కడ కార్డు పొట్టి వైపు వాడాలి. ఒకటి రెండు చోట్ల కొద్దిగా ఊగితే సెటప్‌లో సరిపోతుంది. ఐదారు చోట్ల ఊగితే అదే మోడల్‌లో ఇంకో పీసు అడగండి.

నట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవాళ్ల సగం కష్టాలు అక్కడే పుడతాయి. ఈ ధర గిటార్లలో, కంపెనీ ఏదైనా, నట్ గాడులు కావలసినదానికంటే ఎత్తుగా వదిలేయడం మామూలు. దీనికి కారణం ఉంది. గాడి ఎత్తుగా ఉంటే గిటార్ ఎలాగో మోగుతుంది. ఒక్క వెంట్రుక వాసి లోతుగా పోతే ఖాళీ తీగ ఫ్రెట్‌కి తగిలి బుసకొడుతుంది, నట్ మొత్తం మార్చాలి. నిమిషాల్లో పని ముగించాల్సిన మనిషి ఎత్తుగా వదిలేస్తాడు, అది న్యాయమే. ఆ భారం నేర్చుకునే పిల్లల వేళ్ల మీద పడుతుంది. మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ కార్డు (తీగలన్నీ ఒకేసారి నొక్కి మోగించే స్వరాల గుంపు) పట్టాలంటే ప్రాణం పోతుంది. పట్టినా శ్రుతి పైకి పోయి వినపడుతుంది, ఎందుకంటే ఎత్తు నుంచి కిందకి నొక్కేటప్పుడు తీగ సాగుతుంది. అందరూ "ఇంకా ప్రాక్టీస్ చెయ్యి" అంటారు. లోపం వేళ్లలో లేదు, నట్‌లో ఉంది.

పరీక్ష ఇలా. తీగని రెండో, మూడో ఫ్రెట్ల మధ్య నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. జెరాక్స్ కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. సందు ఆ కాగితమంత లేదా దానిలో సగం ఉంటే సరిగ్గా ఉన్నట్టు. రెండు మూడు కాగితాలు దూరితే గాడి దించాలి. దీనికి తీగ మందానికి తగ్గ నట్ ఫైళ్లు కావాలి, మామూలు ఆకురాయితో చేస్తే గాడి వెడల్పయి తీగ పక్కలకి కదులుతుంది. ఫైల్‌ని హెడ్‌స్టాక్ వైపు కొంచెం వాల్చి రాయాలి. తీగ నట్ ముందు అంచు మీద, అంటే ఫింగర్‌బోర్డు వైపు అంచు మీద ఆగాలి. వెనక్కి ఆగితే సితార్‌లా జివ్వుమంటుంది. రెండు మూడు రాతలకోసారి తీగ పెట్టి కొలవాలి. లోతు ఎక్కువైపోతే తినే సోడా వేసి సూపర్ గ్లూ చుక్క పెడితే గాడి గట్టిగా పూడుతుంది, మళ్లీ రాయొచ్చు. అది తాత్కాలికం. 112విలో నట్ యూరియా ప్లాస్టిక్‌ది. అరిగాక ఎముక నట్ వేయించుకుంటే మేలు. ట్రెమోలో (బ్రిడ్జిని ఊపే కడ్డీ) వాడగానే శ్రుతి తప్పుతుంటే గాడుల్లో పెన్సిల్ ములుకు పొడి రాసి చూడండి, చాలాసార్లు అంతే సరిపోతుంది.

పికప్స్‌లో, అంటే తీగ కదలికని విద్యుత్తుగా మార్చే భాగాల్లో, చేతిపని గురించి చాలా కథలు నడుస్తాయి. ఫెండర్‌లో 1956లో చేరిన అబిగైల్ ఇబారా చేత్తో తీగను నడిపిస్తూ చుట్టిన పికప్స్‌కి ఇవాళ్టికీ గిరాకీ ఉంది. వెంట్రుక కంటే సన్నని రాగి తీగ, వేల చుట్లు. చేత్తో నడిపితే పొరలు కాస్త అస్తవ్యస్తంగా పడతాయి, దానివల్ల ధ్వనిలో కొద్దిపాటి తేడా వస్తుంది. కానీ అదే పికప్ రెండోసారి అచ్చంగా అలాగే రాదు. 112విలో ఉన్న ఆల్నికో 5 అయస్కాంతాల పికప్స్‌లో ఆ కథ ఏమీ లేదు, పని మాత్రం చక్కగా చేస్తాయి. టోన్ నాబ్ పైకి లాగితే హంబకర్‌లో ఒక కాయిల్ ఆగిపోయి సింగిల్ కాయిల్ అవుతుంది. అప్పుడు ధ్వని పలచబడి వాల్యూమ్ తగ్గుతుంది, అది లోపం కాదు. 112జె కొంచెం చవకగా దొరుకుతుంది గానీ అందులో ఈ సౌకర్యం లేదు, పికప్స్ సిరామిక్ అయస్కాంతాలవి. ఆ తేడా డబ్బు పెట్టి వి తీసుకోవడమే మంచిది.

వైరింగ్ టంకం సాధారణంగా మనిషే పెడతాడు. యాంప్‌కి పెట్టి అన్ని స్విచ్ స్థానాలూ, నాబ్ లాగీ నొక్కీ చూడండి. జాక్ (కేబుల్ గుచ్చే చోటు) బయటి మర వదులైతే బయటనుంచి తిప్పేయకండి. లోపల జాక్ కూడా తిరిగి వైరు తెగుతుంది. ప్లేటు విప్పి, జాక్‌ని పట్టుకుని బిగించాలి.

సెటప్ చేయించేటప్పుడు వరస ముఖ్యం. మొదట నెక్ వంపు. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు చూస్తే 0.2 నుంచి 0.25 మి.మీ. ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) బిగించాలి, తక్కువుంటే వదలాలి, ఒక్కసారికి పావు మలుపు మించకుండా. తర్వాత నట్. ఆ తర్వాత యాక్షన్. 12వ ఫ్రెట్ దగ్గర సన్నని ఇ తీగకి 1.6 మి.మీ., లావు ఇ తీగకి 2 మి.మీ. మంచి మొదలు. పసిఫికా ఫింగర్‌బోర్డు వంపు 350 మి.మీ., పాత ఫెండర్లకంటే బాగా చదును. శాడిల్స్ ఎత్తులు ఆ వంపునే అనుసరించాలి, లేకపోతే మధ్య తీగలు ఎత్తుగా మిగులుతాయి. చివర్న ఇంటొనేషన్. 12వ ఫ్రెట్ మీద నొక్కిన స్వరం హార్మోనిక్ (అక్కడే వేలు ఊరికే ఆనించి మీటిన స్వరం) కంటే పైకి ఉంటే శాడిల్ వెనక్కి, కిందకి ఉంటే ముందుకి. నట్ దించకుండా ముందే ఇంటొనేషన్ కుదిర్చేవాళ్లు ఉంటారు, ఆ పని మళ్లీ చేయాల్సి వస్తుంది. 9 గేజ్ (తీగల మందం) తీగలు తీసి 10 వేస్తే బ్రిడ్జి పైకి లేస్తుంది. వెనక స్ప్రింగులు పట్టుకున్న రెండు స్క్రూలు సమానంగా బిగిస్తే దిగుతుంది.

ఒక్క మనిషి కూర్చుని చేసే గిటార్ దీనికంటే గొప్పది కాగలదా? కాగలదు. మీ చేతికి తగ్గ నెక్, వేలికి తెలియనంత నున్నటి ఫ్రెట్ అంచు, పలచటి ఫినిష్ అక్కడే దొరుకుతాయి. కానీ ఆ మనిషి ఫ్రెట్ గాడులు ఎలా కోస్తారో అడగండి. మిషన్ మీద అని సమాధానం వస్తే సంకోచించకండి, మంచి సమాధానం అదే.

ఎండాకాలం సంగతి ఒకటి మిగిలింది. చెక్క గాలిలో తేమని బట్టి అడ్డంగా కుంచించుకుంటుంది, వ్యాకోచిస్తుంది. ఫ్రెట్ లోహం కదలదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఏసీ గదిలో గిటార్ ఉంటే ఫింగర్‌బోర్డు కుంచించుకుని ఫ్రెట్ కొసలు బయటికి పొడుచుకొస్తాయి. విశాఖ తేమలో ఈ బాధ తక్కువ, అక్కడ తీగలు తుప్పు పట్టడమే ఎక్కువ. గది తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచితే చాలు, చిన్న హైగ్రోమీటర్ కొని కేసులో పెట్టుకోండి. నెక్ అంచు మీద వేలు పెట్టి కింది నుంచి పైదాకా జరిపి చూడండి. గుచ్చుకుంటే వెంటనే రాయించకండి. ముందు పది రోజులు తేమ సరిచేసి చూడాలి, ఎందుకంటే ఇప్పుడు రాసేస్తే వానాకాలంలో చెక్క మళ్లీ ఉబ్బి ఫ్రెట్ కొస లోపలికి పోయినట్టవుతుంది. అప్పటికీ గుచ్చుకుంటుంటే నెక్ అంచుకి మాస్కింగ్ టేపు వేసి, చదునైన ఫైల్‌తో అంచు వెంబడి సమంగా రాసి, ఒక్కో కొసనీ సన్న ఫైల్‌తో గుండ్రం చేయించండి. మొత్తం 44 కొసలు. ఓపికున్న పనివాడికి ఒక పూట పడుతుంది.